చనిపోయినవాళ్ళ ఎయిర్‌లైన్ మైల్స్ ఇంట్లోవాళ్ళకి వస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఎవరైనా పోతే బ్యాంకు, ఇన్సూరెన్సు, 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా), ఇల్లు, కారు, వీటి గురించి పదిమంది పది సలహాలు చెప్తారు. మైల్స్ సంగతి, అంటే విమానాల్లో తిరిగినందుకు ఎయిర్‌లైన్ మన ఖాతాలో వేసే, తర్వాత టికెట్లకి వాడుకునే పాయింట్ల సంగతి, ఎవరికీ తట్టదు. కొన్ని నెలలకి ఆయన ఈమెయిల్‌కి ఎయిర్‌లైన్ నుంచి ఏదో ఆఫర్ వస్తుంది, కింద బ్యాలెన్స్ చూస్తే లక్షా ఎనభై వేల మైల్స్ ఉంటాయి, అప్పుడు మొదలవుతుంది ఎవరిని అడగాలి అని వెతుకులాట. అలా వెతుక్కునేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాశాను. ఎక్కువ భాగం అమెరికా ఎయిర్‌లైన్స్ గురించే, ఎందుకంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో హైదరాబాద్ తిరిగే మన కుటుంబాల మైల్స్ చాలావరకు అక్కడే పేరుకుని ఉంటాయి. ఇండియాలో కాగితాలు ఎలా అన్నది కూడా మధ్యలో వస్తుంది.

మా ఆయన సంపాదించిన మైల్స్ ఆయన ఆస్తి కాదా? భార్యగా నాకు రావాలి కదా?

న్యాయంగా చూస్తే రావాలి అనిపిస్తుంది, కానీ కాగితం మీద అలా లేదు. ఎయిర్‌లైన్స్ నడిపే దాదాపు ప్రతి మైల్స్ ప్రోగ్రాం రూల్స్‌లోనూ ఒక లైను ఉంటుంది, మైల్స్ సభ్యుడి ఆస్తి కావు అని. అంటే అవి ఎప్పుడూ ఎయిర్‌లైన్‌వే, మీ ఆయనకి వాడుకునే వీలు మాత్రమే ఇచ్చారు. బ్యాంకులో డబ్బులాగా వారసులకి ఆటోమేటిగ్గా రావు, వారసత్వ చట్టం చూపించి గట్టిగా అడగడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు.

కోర్టుకి వెళ్తే అంటారా, అమెరికాలో ఆ దారి బాగా ఇరుకు. ఎయిర్‌లైన్స్ మీద ప్రభుత్వ నియంత్రణ తగ్గించడానికి 1978లో వచ్చిన ఎయిర్‌లైన్ డీరెగ్యులేషన్ చట్టం వల్ల రాష్ట్రాల చట్టాల కింద ఎయిర్‌లైన్స్ మీద వేసే కేసులు చాలా నిలబడవు. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ గిన్స్‌బర్గ్ అనే రబ్బీ (యూదు మతగురువు) మెంబర్‌షిప్ తీసేసింది, మీరు మరీ ఎక్కువ కంప్లైంట్లు చేస్తున్నారని. ఆయన కేసు వేస్తే 2014లో సుప్రీం కోర్టు జడ్జిలంతా ఒకే మాట మీద ఎయిర్‌లైన్ వైపే తీర్పు ఇచ్చారు, మంచి మనసుతో వ్యవహరించలేదు అన్న వాదన ఇక్కడ చెల్లదని. అంతకుముందు 1995లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, వోలెన్స్ కేసులో మాత్రం రూల్స్‌లో వాళ్ళే రాసుకున్న మాట తప్పితే అడగొచ్చు అని చెప్పారు. ఈ రెండూ కలిపి చూస్తే మనకి అర్థమయ్యేది ఏంటంటే, రూల్స్‌లో రాసి ఉన్నదే మీ హక్కు, రాయనిది వాళ్ళ దయ.

మరి ఏ ఎయిర్‌లైన్ ఏం రాసుకుంది?

పెద్దవి నాలుగూ నాలుగు రకాలు.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ ప్రోగ్రాం అడ్వాంటేజ్‌లో ముందు బదిలీ కుదరదు అని రాసి, ఆ వెంటనే ఒక తలుపు తెరిచి పెట్టారు: కోర్టు ఆమోదించిన వీలునామాలో గానీ విడాకుల డిక్రీలో గానీ పేరు ఉన్నవాళ్ళకి, మాకు నచ్చిన కాగితాలు ఇచ్చి ఏమైనా ఫీజు ఉంటే కడితే, మా ఇష్టం మేరకు మైల్స్ వేస్తాం అని. ఆ "మా ఇష్టం" అన్న మాటే మొత్తం కథ.

యునైటెడ్ మైలేజ్‌ప్లస్ కూడా ఇదే దారి. మరణం లేదా విడాకులు అయితే తగిన కాగితాలు, ఫీజు చూసి మొత్తం గానీ కొంత గానీ ఇవ్వొచ్చు అని ఉంటుంది. అంటే అడిగితే అవకాశం ఉంది, అడగకపోతే సున్నా.

డెల్టా స్కైమైల్స్ ఈ విషయంలో కఠినం. 2013లో రూల్స్ మార్చి, చనిపోయినా బదిలీ లేదు అని సూటిగా రాసేశారు. డెల్టా మైల్స్‌కి ఎక్స్‌పైరీ లేదని అందరూ మురిసిపోతారు గానీ మనిషి పోతే మాత్రం అవి ఎవరి దగ్గరికీ కదలవు.

సౌత్‌వెస్ట్ కూడా వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ పాయింట్లు ఇవ్వం అంటుంది. సభ్యుడు పోయాక, చివరిసారి పాయింట్లు వచ్చిన తేదీ నుంచి 24 నెలలకి ఖాతా నిద్రపోతుంది, ఈలోపు ఎవరైనా క్లోజ్ చెయ్యమని అడిగితే అప్పుడే పోతుంది.

రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీరు ఫోన్ చేసే రోజున ఆ ఎయిర్‌లైన్ నిబంధనల పేజీ తెరిచి "డెత్" అని వెతికి ఆ పేరా ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇండియా ఎయిర్‌లైన్స్‌కీ గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌కీ ఇదే పద్ధతి, ముందు ఆ పేరా, తర్వాతే ఫోన్.

ముందు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పేయనా?

వద్దు, ఆగండి. అందరూ తొందరపడేది ఇక్కడే. మనిషి పోయారు అని ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం, చాలా చోట్ల ఆ నిమిషమే ఖాతా ఫ్రీజ్ చేస్తారు, డెల్టా లాంటి చోట అయితే మూసేస్తారు కూడా. ఆ బాధలో లిస్టు పట్టుకుని కరెంటు బిల్లు దగ్గర నుంచి అందరికీ ఫోన్లు చేసుకుంటూ పోయి ఇది కూడా అందులో కలిపేస్తారు, ఫోన్ ఎత్తిన ఏజెంట్ సారీ ఫర్ యువర్ లాస్ అని క్లోజ్ చేసేస్తాడు, అయిపోయింది.

ఫోన్‌కి ముందు చేయాల్సిన పనులు ఇవి. ఏ ఏ ఎయిర్‌లైన్స్‌లో ఖాతాలు ఉన్నాయో వెతకండి, ఆయన ఈమెయిల్‌లో స్టేట్‌మెంట్లు ఉంటాయి, పర్సులో కార్డులు ఉంటాయి, పాత బోర్డింగ్ పాస్‌ల మీద మెంబర్ నంబర్ ఉంటుంది. బ్యాలెన్స్, నంబర్, పేరు స్పెల్లింగ్ రాసిపెట్టుకోండి. రూల్ చదవండి. కాగితాలు చేతికి వచ్చాక ఫోన్ చేసి, మాటల్లో మొదటే "ఖాతా మూయమని అడగట్లేదు, మైల్స్ బదిలీకి ఏం కావాలో తెలుసుకోవడానికి చేశాను" అనండి. సాధారణ రిజర్వేషన్ లైన్‌లో వాళ్ళకి ఇవి తెలియవు, కస్టమర్ సర్వీస్‌లో మైలేజ్ ఖాతాలు చూసే డిపార్ట్‌మెంట్‌కి కలపమనండి. ఒక ఏజెంట్ కుదరదు అంటే అక్కడితో వదిలేయకండి, నిర్ణయం వాళ్ళ ఇష్టం మీద ఉన్నప్పుడు మనిషి మారితే జవాబు మారడం కొత్తేమీ కాదు. చెప్పింది రాతపూర్వకంగా ఈమెయిల్ చేయమనండి.

ఇంకోటి, ఆయన ఫోన్ నంబర్ వెంటనే క్యాన్సిల్ చేయకండి. ఓటీపీలన్నీ ఆ నంబర్‌కే వస్తాయి, మైల్స్‌కే కాదు బ్యాంకులకీ ఈమెయిల్‌కీ కూడా. ఫ్యామిలీ ప్లాన్‌లో నెలకి కొన్ని డాలర్లు మిగుల్చుకోబోయి ఆ సిమ్ తీసేస్తే తర్వాత పడే తిప్పలు చెప్పనలవి కాదు.

ఏ కాగితాలు అడుగుతారు?

మామూలుగా డెత్ సర్టిఫికెట్, చనిపోయినవాళ్ళ ఖాతా నంబర్, మీ ఖాతా నంబర్, మీ గుర్తింపు కార్డు, మీకు అధికారం ఉందని చూపించే కాగితం. ఈ చివరిది వీలునామా కావచ్చు, కోర్టు మిమ్మల్ని ఎగ్జిక్యూటర్‌గా (వీలునామా అమలు చేసే మనిషిగా) నియమించిన లెటర్ కావచ్చు, చాలాసార్లు వాళ్ళ సొంత ఫారం మీద నోటరీ చేయించిన అఫిడవిట్ ఇవ్వమంటారు. మీకు అదే ప్రోగ్రాంలో ఖాతా ఉండాలి, లేకపోతే ముందే ఫ్రీగా తెరుచుకోండి. మైల్స్ ఒక్కదాని కోసం అయితే ప్రొబేట్ (వీలునామాని కోర్టులో ఆమోదింపజేసుకోవడం) దాకా వెళ్ళకండి, లాయర్ ఫీజు మైల్స్ విలువని మింగేస్తుంది. వేరే ఆస్తుల కోసం ఎలాగూ ప్రొబేట్ నడుస్తుంటే ఆ లెటర్ కాపీనే ఇక్కడ కూడా వాడండి.

అమెరికాలో అయితే సర్టిఫైడ్ కాపీలు ఫ్యూనరల్ హోమ్ వాళ్ళే తెప్పిస్తారు, పది దాకా తీసుకోండి, ఎయిర్‌లైన్స్ చాలావరకు స్కాన్ తీసుకున్నా బ్యాంకులు ఒరిజినల్ అడుగుతాయి.

మామయ్య గారు ఇండియాలో పోయారు, మైల్స్ అమెరికా ఎయిర్‌లైన్‌లో ఉన్నాయి. అక్కడి కాగితాలు చెల్లుతాయా?

చెల్లుతాయి, కొంచెం ఓపిక కావాలి. మరణం 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, ఊళ్ళో అయితే పంచాయతీ, టౌన్‌లో అయితే మునిసిపాలిటీ. హాస్పిటల్‌లో పోతే వాళ్ళే సమాచారం పంపుతారు, ఇంట్లో పోతే మనమే వెళ్ళాలి. లేటు అయితే దాని ప్రొసీజర్ వేరే, చుట్టూ తిరగాలి. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంగ్లీషులో రాయించండి, అక్కడ కౌంటర్‌లో అబ్బాయి టైప్ చేసేటప్పుడే చూసుకోండి. వారసులు ఎవరో చూపించడానికి తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవలో అప్లై చేయొచ్చు. కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాల్సిన పని మైల్స్‌కి రాదు, అది బ్యాంకు డిపాజిట్లు, షేర్ల లాంటి వాటికి.

చనిపోయిన ఆయనకి అమెరికా సిటిజన్‌షిప్ ఉంటే అమెరికా కాన్సులేట్ వాళ్ళు విదేశంలో మరణం గురించి ఒక రిపోర్టు ఇస్తారు, హైదరాబాద్ కాన్సులేట్ ద్వారా అది వస్తుంది, అమెరికా కంపెనీలన్నిటికీ ఆ కాగితం చూపిస్తే ప్రశ్నలు తగ్గుతాయి. నోటరీ కూడా కాన్సులేట్‌లో చేస్తారు, సీలుకి 50 డాలర్లు. ఊళ్ళో నోటరీ సరిపోతుందా అని ముందే ఎయిర్‌లైన్‌ని అడిగితే ఆ ఖర్చు తప్పొచ్చు.

పేర్లు కలవట్లేదు. ఖాతాలో ఒకలా, డెత్ సర్టిఫికెట్‌లో ఒకలా.

మన తెలుగువాళ్ళకి ఇది పుట్టుకతో వచ్చిన తలనొప్పి. ఇంటిపేరు ముందు, పేరు వెనక, ఎక్కడో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఎక్కడో మొత్తం, పాత పాస్‌పోర్టులో ఇంటిపేరే ఖాళీగా వదిలేస్తే వీసాలో ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని తగిలించి ఉంటుంది, అదే పేరుతో మైలేజ్ ఖాతా తెరిచి ఉంటారు. భార్య ఇంటిపేరు మార్చుకోకపోతే ఇద్దరికీ సంబంధం ఏంటో కాగితంలో ఎక్కడా కనపడదు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని ఒక అఫిడవిట్, దానితో పాస్‌పోర్టు కాపీ, మ్యారేజ్ సర్టిఫికెట్ కలిపి పెట్టండి. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మొదటి ఈమెయిల్‌లోనే పెట్టేస్తే కనీసం ఒక రౌండు మిగులుతుంది.

పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. ఎవరికీ చెప్పకుండా లాగిన్ అయి టికెట్ బుక్ చేసుకుంటే?

అందరి మనసులో ఉండే ప్రశ్న ఇదే, బయటికి ఎవరూ అడగరు. రూల్స్ ప్రకారం తప్పు, ఖాతా ఆ మనిషి ఒక్కడే వాడాలి. చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు, చాలామందికి ఏమీ కాదు కూడా, అది దాచిపెట్టి నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ పట్టుకుంటే టికెట్ క్యాన్సిల్ చేసే హక్కు వాళ్ళకి ఉంది, అది వెళ్ళేటప్పుడు కాకుండా తిరిగొచ్చేటప్పుడు జరిగితే పిల్లలతో శంషాబాద్‌లో నిలబడి ఆ రోజు రేటుకి నాలుగు టికెట్లు కొనాలి. అమెరికన్, యునైటెడ్ లాంటి చోట సక్రమమైన దారి ఉన్నప్పుడు ఈ రిస్కు ఎందుకు అన్నది నా అభిప్రాయం. పైగా ఇంకా వారసులు ఉంటే, మిగతావాళ్ళకి తెలియకుండా ఒకరు ఖాళీ చేసినట్టు అవుతుంది, అన్నదమ్ముల మధ్య ఇలాంటి చిన్న విషయాలే పెద్దవి అవుతాయి.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డిజిటల్ ఖాతాల మీద ఎగ్జిక్యూటర్‌కి కొంత అధికారం ఇచ్చే చట్టం ఉంది. అది ఖాతా సమాచారం చూడటానికి పనికొస్తుంది గానీ మైల్స్‌ని ఆస్తిగా మార్చదు.

వెబ్‌సైట్‌లో ట్రాన్స్‌ఫర్ మైల్స్ అని బటన్ ఉంది కదా, అది వాడకూడదా?

అది బతికి ఉన్నవాళ్ళు ఒకరికొకరు పంపుకునేది, ఖరీదు ఎక్కువ. చాలా ప్రోగ్రాముల్లో మైలుకి ఒక సెంటు అటూ ఇటూ పడుతుంది, మీద ప్రాసెసింగ్ ఫీజు. మైలు విలువే ఒక సెంటు నుంచి సెంటున్నర, అంటే లక్ష మైల్స్ సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్లు చేస్తాయి, అవి పంపడానికే వెయ్యి కడితే ఇంకేం మిగిలినట్టు? వారసులకి ఇచ్చే బదిలీ వేరే, అది ఫోన్, ఈమెయిల్ ద్వారానే జరుగుతుంది, ఫీజు ఉన్నా దీనితో పోల్చేంత ఉండదు.

క్రెడిట్ కార్డు పాయింట్లు కూడా ఇంతేనా?

కాదు, ఇవి రెండు రకాలు, కలిపేసుకోకండి. ఎయిర్‌లైన్ పేరు మీద ఉన్న కార్డు అయితే పాయింట్లు నెల నెలా స్టేట్‌మెంట్ అవ్వగానే ఎయిర్‌లైన్ ఖాతాలోకి వెళ్ళిపోతాయి, కాబట్టి కార్డు మూసినా అప్పటికే వెళ్ళినవి అక్కడే ఉంటాయి, ఆఖరి స్టేట్‌మెంట్‌వి చేరాయో లేదో చూసుకోండి. బ్యాంకు సొంత పాయింట్లు అయితే కార్డు ఖాతా మూసిన క్షణం గాల్లో కలిసిపోయే ప్రమాదం ఉంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి వాళ్ళు ఎస్టేట్ (చనిపోయినవాళ్ళు వదిలిన ఆస్తిపాస్తులు) తరఫున అడిగితే పాయింట్లు వాడుకునే వీలు ఇస్తారు. అందుకని బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు "క్లోజ్ చేయండి" అనే ముందు "పాయింట్ల సంగతేంటి" అని అడగాలి, వరస తిరగబడితే పని అయిపోయినట్టే. మీరు ఆ కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్ (ఆయన ఖాతా మీదే మీ పేరుతో కార్డు ఉన్నవాళ్ళు) అయినా సరే, మనిషి పోయాక ఆ కార్డుతో ఖర్చు చేయకండి, అది వేరే గొడవ.

పోయేముందే మైల్స్‌తో బుక్ చేసిన టికెట్లు ఉన్నాయి. ఏం చేయాలి?

ఆయన పేరు మీద టికెట్ ఉంటే క్యాన్సిల్ చేస్తే మైల్స్ ఆయన ఖాతాకే తిరిగొస్తాయి, ట్యాక్సులు కట్టిన కార్డుకే వస్తాయి. కాబట్టి ఇది అయ్యేదాకా ఆ కార్డు తెరిచి ఉంటే మంచిది. ఆయన మైల్స్‌తో అత్తగారికో మీకో టికెట్ తీసి ఉంటే, తొందరపడి క్యాన్సిల్ చేసి మళ్ళీ బుక్ చేద్దాం అనుకోకండి, మళ్ళీ బుక్ చేయడానికి ఖాతా ఉండకపోవచ్చు. డబ్బులు పెట్టి కొన్న నాన్ రిఫండబుల్ టికెట్ అయినా ప్రయాణికుడు పోతే చాలా ఎయిర్‌లైన్స్ డెత్ సర్టిఫికెట్ చూసి డబ్బు వెనక్కి ఇస్తాయి, చట్టం బలవంతం వల్ల కాదు, వాళ్ళ పాలసీ వల్ల. అడగండి.

ముగ్గురు పిల్లలం. ముగ్గురికీ సమానంగా పంచుతారా?

పంచమని అడగొచ్చు గానీ పని సులువు కావాలంటే ఒకరి ఖాతాలో వేయించుకోవడం మేలు. మిగతా ఇద్దరూ అభ్యంతరం లేదని సంతకం చేసి ఇస్తే ఎయిర్‌లైన్‌కి కూడా ధైర్యం. తర్వాత ఆ ఒక్కరు అమ్మని ఇండియా తీసుకెళ్ళడానికి వాడితే ఎవరూ లెక్కలు అడగరు.

ఎంతకాలంలోపు అడగాలి?

వీలైనంత త్వరగా. ఎక్స్‌పైరీ అనేది ఎవరికోసమూ ఆగదు. అమెరికన్‌లో 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే మైల్స్ పోతాయి. యునైటెడ్ 2019లో ఎక్స్‌పైరీ తీసేసింది. ఎమిరేట్స్ స్కైవార్డ్స్ మైల్స్‌కి మూడేళ్ళ గడువు, ఆ సంవత్సరం సభ్యుడు పుట్టిన నెలాఖరుకి పోతాయి, దుబాయ్ మీదుగా తిరిగే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పన్నెండో రోజు, మాసికాలు, ఇండియా ప్రయాణం, ఇవన్నీ అయ్యేసరికి నెలలు ఇట్టే గడిచిపోతాయి, కనీసం ఖాతాల లిస్టు అయినా మొదట్లోనే ఎవరైనా బంధువుకి అప్పజెప్పండి.

నేనింకా బతికే ఉన్నాను. నా మైల్స్ మా ఆవిడకి సులువుగా అందాలంటే ఇప్పుడేం చేయాలి?

అసలు పని ఇదే, మిగతాదంతా ఆ తర్వాత పడే పాట్లు.

మొదటిది, వీలునామా రాస్తే అందులో ఒక లైను కలపండి, ఫలానా ఎయిర్‌లైన్స్‌లో ఉన్న మైల్స్, కార్డు పాయింట్లు ఫలానా వారికి అని పేరుతో సహా. వీలునామాలో పేరు ఉన్నవాళ్ళకి అని అమెరికన్ రూల్స్‌లో రాసి ఉంది కాబట్టి ఆ ఒక్క లైనుకి బరువు ఉంటుంది. డెల్టాలో ఆ లైను పనిచేయదు, అక్కడ వాడేసుకోవడమే.

రెండోది, కలిపి ఉంచే సౌకర్యం ఉన్న చోట కలపండి. యునైటెడ్‌లో 2024 నుంచి అయిదుగురి దాకా మైల్స్ ఒక చోట వేసుకోవచ్చు. జెట్‌బ్లూలో ఏడుగురు, ఎమిరేట్స్‌లో ఎనిమిది మంది దాకా కుటుంబ ఖాతా ఉంది. ఎవరు పోయినా మిగతావాళ్ళ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మూడోది, కూడబెట్టకండి. మనకి అలవాటు, బిజినెస్ క్లాసులో అమ్మానాన్నల్ని తీసుకొస్తా అని పదేళ్ళు దాచుకుంటూ పోతాం, ఈలోపు ఎయిర్‌లైన్ రేట్లు పెంచేస్తుంది, అరవై వేలకి వచ్చే సీటు తొంభై వేలు అవుతుంది. మైల్స్‌కి వడ్డీ రాదు, విలువ తగ్గడమే తప్ప పెరగదు. పెద్దవాళ్ళు ప్రయాణం చేయగలిగిన ఓపిక ఉన్నప్పుడే పిలిపించేయండి.

ఎవరో ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టారు, కమిషన్ ఇస్తే మైల్స్ డబ్బుగా మార్చి ఇస్తామని.

మైల్స్ అమ్మడం అన్ని చోట్లా నిషేధం, వాళ్ళు అడిగేది మీ పాస్‌వర్డ్. బ్లాక్ చేయండి.

ఎక్కువగా తిరిగినందుకు ఎయిర్‌లైన్ ఇచ్చిన ఆయన గోల్డ్, ప్లాటినం స్టేటస్ నాకు వస్తుందా?

రాదు. మైల్స్ ఇచ్చే చోట కూడా స్టేటస్ ఇవ్వరు.

సంవత్సరీకానికి ఇండియా వెళ్ళాలి. ఈలోపు మైల్స్ చేతికి వస్తాయా?

కాగితాలన్నీ సరిగ్గా ఉంటే కొన్ని వారాల్లో అయిపోతుంది, పేర్ల గొడవ ఉంటే నెలలు పట్టొచ్చు. తిథి మన కోసం జరగదు కాబట్టి మైల్స్ మీద ఆశ పెట్టుకుని టికెట్ ఆపుకోకండి. క్యాన్సిల్ చేసుకునే వీలున్న టికెట్ ఒకటి డబ్బుతో తీసి పెట్టుకోండి, మైల్స్ వచ్చాక అదే తేదీకి అవార్డు సీటు (మైల్స్‌తో ఇచ్చే సీటు) ఖాళీ ఉంటే అప్పుడు మార్చుకోవచ్చు. డిసెంబర్, జూన్‌లలో అయితే హైదరాబాద్‌కి అవార్డు సీట్లు దొరకడమే కష్టం, తిథి ఆ నెలల్లో పడితే డబ్బు టికెట్‌తోనే వెళ్ళి ఆ మైల్స్ ఇంకో ప్రయాణానికి ఉంచుకోండి.